గీత జరిగింది, మనుషులు జరగలేదు

కణేకల్ ఎక్కడికీ కదల్లేదు. ఊరి చెరువు అక్కడే ఉంది. జనం హగరి అని పిలుచుకునే వేదవతి అటే పారుతోంది, ఏటి ఇసుక గాలికి చేలమీదికి దొర్లుతూనే ఉంది. కదిలిందల్లా ఊరి చుట్టూ కాగితం మీద గీసిన గీత. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక ఈ ప్రాంతం బళ్ళారి లెక్కల్లోకి వెళ్లింది. 1882లో బళ్ళారి నుంచి అనంతపురాన్ని విడదీసినప్పుడు కూడా కణేకల్ ఉన్న రాయదుర్గం తాలూకా బళ్ళారితోనే ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలతోపాటు రాయదుర్గం కూడా ఇటు వచ్చింది. ముందు రోజు రాత్రి బళ్ళారి జిల్లావాడిగా పడుకున్న రైతు తెల్లారి అనంతపురం జిల్లావాడిగా లేచాడు. అతని ఒంట్లో మార్పు లేదు, తెలుగూ కన్నడమూ కలగలిసిన అతని మాటలోనూ లేదు. మానసిక వైద్య చరిత్రలో కూడా ఇలాంటి తేదీ ఒకటుంది: 1973 డిసెంబరు 15. అప్పటిదాకా అమెరికా సైకియాట్రిస్టుల సంఘం రోగాల పట్టికలో 302.0 అనే అంకె కింద స్వలింగాకర్షణ ఉండేది. ఆ రోజు సంఘం పాలకవర్గం దాన్ని రోగాల వరస నుంచి తీసేసింది. లక్షలమంది రోగులు రాత్రికి రాత్రి ఆరోగ్యవంతులయ్యారని అప్పట్లో హాస్యమాడినవాళ్లున్నారు. నిజానికి వాళ్లలో ఎవరూ కదల్లేదు. గీత జరిగింది.

ఆ గీత ఎందుకు జరిగిందో చెప్పమంటే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. సైన్సు ఎదిగింది, తప్పు దిద్దుకుంది అనేది ఒకటి. ఉద్యమకారుల ఒత్తిడికి డాక్టర్లు తలొగ్గారు అనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజముంది గానీ అసలు సంగతి ఇంకోచోట ఉందని నా వాదన. వైద్యుడు ఈ మనుషులను ఏ గదిలో కూర్చుని చూశాడన్నదే వాళ్లు అతనికి ఎలా కనిపించాలో తేల్చింది. జైల్లో చూసినవాడికి నేరస్థులుగా కనిపించారు, పిచ్చాసుపత్రిలో చూసినవాడికి రోగులుగా కనిపించారు. ఆ గదులు దాటి వచ్చి వాళ్ల ఇళ్లలో, పనుల్లో, స్నేహాల్లో చూసినప్పుడు రోగం జాడ దొరకలేదు. దీనికి తోడు ఇంకొకటుంది. 'వీళ్లు ఇలా ఎందుకయ్యారు' అని అడుగుతున్నంతకాలం ఏదో ఒక పేరు తగిలించక తప్పలేదు. 'వీళ్లను బాధిస్తున్నదేమిటి' అని అడగడం మొదలయ్యాకే ఈ విషయంలో వైద్యం వైద్యమైంది. ఈ కథను వియన్నా నుంచో న్యూయార్క్ నుంచో మొదలుపెట్టడం అలవాటు. బళ్ళారి దారిలోనే మొదలుపెడితే ఇంకా బాగా అర్థమవుతుంది.

1890ల మొదట్లో ఫ్రెడ్ ఫాసెట్ అనే మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసు అధికారి బొంబాయి ఆంత్రోపలాజికల్ సొసైటీ పత్రికలో బళ్ళారి ప్రాంతపు బసివిల మీద ఒక వ్యాసం అచ్చువేయించాడు. దేవతకు అంకితమై మగవాళ్ల హక్కులు పొందే స్త్రీలు అని శీర్షికలోనే రాశాడు. కొడుకు లేని ఇంట్లో ఒక కూతుర్ని దేవుడి పేర బసివిగా వదిలేవాళ్లు. ఆమె అత్తగారింటికి పోదు, పుట్టింట్లోనే ఉంటుంది. కొడుకులాగా ఆస్తికి వారసురాలవుతుంది, తల్లిదండ్రులకు కర్మ చేస్తుంది, ఆమె పిల్లలు ఆ ఇంటి వంశంగానే చెల్లుతారు. దీన్ని స్త్రీ స్వేచ్ఛగా పొగడాల్సిన పనిలేదు. ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు. పెళ్లి లేని ఆమె బతుకును ఊరి మోతుబరులు తమ సొత్తుగా వాడుకున్నారు. అందుకే 1947లో మద్రాసులో, 1988లో ఆంధ్రప్రదేశ్‌లో దేవతలకు ఆడపిల్లల్ని అంకితం చేయడాన్ని నిషేధిస్తూ చట్టాలు వచ్చాయి. బసివి కథ నేటి అర్థంలో లింగ గుర్తింపు కథ కూడా కాదు. అయినా అది ఒక విషయం బయటపెడుతుంది. ఒంటిని బట్టి ఆడదైన మనిషిని హోదాను బట్టి కొడుకుగా చెల్లుబాటు చేయడం ఈ నేలమీద జనానికి అసాధ్యంగా తోచలేదు. అవసరమైతే గీతను ఊరే జరిపేది.

ఇంకో ఉదాహరణ మన కాలం దాకా నడిచి వచ్చింది. సౌదత్తి ఎల్లమ్మ, హోస్పేట దగ్గరి హులిగెమ్మ పేర మెడలో ముత్తు (అంకితపు పూసలు) కట్టించుకున్న జోగప్పలు కర్ణాటకలోనూ, దాని అంచునున్న మన ఊళ్లలోనూ తెలిసినవాళ్లే. మగబిడ్డగా పుట్టి, చీరె కట్టి, నుదుట బండారు పూసుకుని, దేవి ప్రతిమ ఉన్న బిందెను నెత్తిన పెట్టుకుని చేతులు వదిలేసి ఆడతారు. పక్కన ఒకరు చౌడికె మీటుతుంటారు. ఒంటితీగ బుర్రవాయిద్యం అది, ఒక చంకన ఇరికించుకుని మీటితే మాటకు మాట బదులిచ్చినట్టు మోగుతుంది. వాకిట్లో నిలబడ్డ ఇల్లాలు చేటలో జొన్నలు తెచ్చి పోస్తుంది, బిడ్డ తల మీద చేయి పెట్టమంటుంది. అదే ఇల్లాలు తన కొడుకు అలా అవుతాడంటే గుండెలు బాదుకుంటుంది. బళ్ళారి జిల్లాలో పుట్టిన మంజమ్మ జోగతి ఈ బిందె ఆటతోనే బతుకు వెళ్లదీసి, 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఊరు జోగప్పకు చోటిచ్చింది, కానీ ఒక షరతు మీద. 'ఇలా ఎందుకయ్యాడు' అన్న ప్రశ్నకు 'అమ్మ పట్టింది' అన్న జవాబు ఉండాలి. అమ్మ పట్టినవాడు ముత్తు కట్టించుకోవాలి, ఇల్లు విడవాలి, అడుక్కుని బతకాలి. దేవి పేరు లేకుండా, మామూలు కూలీగానో గుమాస్తాగానో ఆ మనిషి ఆ ఊళ్లోనే ఉంటానంటే చోటు లేదు. అది గౌరవమే, కాదనలేం. కానీ ఒకే ఒక గదికి పరిమితమైన గౌరవం.

ఈ ఏర్పాటు మీదికి పందొమ్మిదో శతాబ్దంలో మూడు కొత్త కళ్లు వచ్చి పడ్డాయి: చట్టం, పోలీసు, డాక్టరు. 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ 'ప్రకృతి విరుద్ధ' సంభోగాన్ని యావజ్జీవం దాకా శిక్షించదగిన నేరం చేసింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం ఉత్తర భారతంలో హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించమంది. 1873లో మద్రాసు డాక్టరు జాన్ షార్ట్ దక్షిణాది కొజ్జాల మీద లండన్ ఆంత్రోపలాజికల్ ఇన్‌స్టిట్యూట్ పత్రికలో వ్యాసం రాశాడు. చెట్లనూ పురుగులనూ వర్గీకరించిన తీరులోనే వాళ్లనూ వర్గీకరించాడు. 1919లో నిజాం సర్కారు 1329 ఫసలీ చట్టం తెచ్చి హైదరాబాదులోనూ రిజిస్టరు పెట్టింది. ఆడ దుస్తుల్లో బజారులో కనిపించినా, ఆడిపాడినా వారంటు లేకుండా పట్టుకునే అధికారం పోలీసులకు ఇచ్చింది. 1920లో తొలిసారి అచ్చయిన మోదీ వైద్య న్యాయశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్న తరతరాల డాక్టర్లకు స్వలింగ సంపర్కం అన్నది శవపరీక్షల పక్కన, విషప్రయోగాల పుస్తకంలో ఎదురైన సంగతి. పోలీసు తీసుకొచ్చిన మనిషి ఒంటిమీద గుర్తులు వెతకడమే అక్కడ డాక్టరు పని. ఆ మనిషి పొద్దున లేచి ఏం పని చేసుకుంటాడో, ఎవరిని ప్రేమిస్తాడో, ఎవరికి అన్నం పెడతాడో ఆ పేజీలో రాసుకునే గడి లేదు.

ఐరోపాలోనూ ఇదే వరస. 1886లో రిచర్డ్ ఫాన్ క్రాఫ్ట్-ఎబింగ్ రాసిన 'సైకోపాథియా సెక్సువాలిస్' ఈ శాస్త్రానికి మూలగ్రంథంలాంటిది. అందులోని కేసులు ఎక్కువగా ఆసుపత్రుల నుంచీ కోర్టుల నుంచీ ఏరినవి. కుంగిపోయినవాళ్లను, పట్టుబడ్డవాళ్లను మాత్రమే చూసి ఆ మనుషులందరూ కుంగిపోయినవాళ్లేనని లెక్క కట్టడంలో వింత లేదు. ఎండాకాలంలో మాత్రమే వేదవతిని చూసినవాడు అది నది కాదు, ఇసుక అని రాసుకుపోయినట్టే. అదే కాలంలో భిన్నంగా చూసినవాళ్లూ లేకపోలేదు. మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ 1919లో బెర్లిన్‌లో లైంగిక విజ్ఞాన సంస్థ పెట్టి, ఈ మనుషుల మధ్యే పనిచేసి, ఇది ప్రకృతిలోని ఒక భేదమని చెప్పాడు. 1931లో మన దేశంలోనూ తిరిగాడు. 1933లో నాజీలు ఆ సంస్థను ధ్వంసం చేసి పుస్తకాలు తగలబెట్టారు. ఫ్రాయిడ్ 1935లో కొడుకు గురించి బెంగపడుతున్న ఒక అమెరికన్ తల్లికి ఉత్తరం రాస్తూ ఇది జబ్బు కాదన్నాడు. అయితే ఆయన కూడా దీన్ని ఎదుగుదల మధ్యలో ఆగిన దశగానే చూశాడు. ఆయన తర్వాతి అమెరికన్ శిష్యగణం ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టి, ఆగిన దశ అన్న మాటను పట్టుకుంది. అతిగా అతుక్కుపోయే తల్లి, దూరమైన తండ్రి అని కారణాలు పేర్చింది. 1952లో వచ్చిన అమెరికా మొదటి రోగాల పట్టిక డీఎస్‌ఎం దీన్ని సంఘానికి సరిపడని వ్యక్తిత్వ దోషాల్లో చేర్చింది, 1968 నాటి రెండో పట్టిక లైంగిక వైకల్యాల్లో పెట్టింది. పేరు పెట్టాక చికిత్స రావాల్సిందే కదా. పురుషుల బొమ్మలు చూపిస్తూ కరెంటు షాకు ఇవ్వడం, వాంతి మందు ఎక్కించడం వంటివి వైద్యం పేర ఆసుపత్రుల్లో జరిగాయి.

ఆ గది తలుపు తీసిన పరిశోధన ఒకటుంది. లాస్ ఏంజెలిస్‌లో ఎవెలిన్ హుకర్ అనే సైకాలజిస్టు ఎవరూ అడగని చిన్న ప్రశ్న అడిగింది: డాక్టరు దగ్గరికి రాని స్వలింగాకర్షణ గల మగవాళ్లను ఎవరైనా పరీక్షించారా? అలాంటివాళ్లు ముప్పైమందిని, వాళ్లకు వయసులో, చదువులో, తెలివిలో సరిజోడైన తక్కిన మగవాళ్లు ముప్పైమందిని ఆమె కూడగట్టింది. యూనివర్సిటీకి వస్తే ఎవరైనా చూస్తారని భయం కాబట్టి తన ఇంటి తోటలోని చిన్న గదిలో పరీక్షలు పెట్టింది. సిరా మరకలు చూపించి ఏం కనిపిస్తోందో చెప్పించే రోర్షాక్ పరీక్ష అందులో ఒకటి. పేర్లు తీసేసిన ఆ జవాబులను ఆ విద్యలో ఆరితేరిన నిపుణులకు ఇచ్చి ఎవరు ఏ గుంపు వారో చెప్పమంది. వాళ్లు చెప్పలేకపోయారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే ఫలితం వచ్చేది. 1957లో ఆ వ్యాసం అచ్చయింది. అంతకుముందే 1948లో ఆల్ఫ్రెడ్ కిన్సీ వేలమంది అమెరికన్ పురుషులను వాళ్ల వాళ్ల జీవితాల గురించి అడిగి, ఈ ఆకర్షణ అనుకున్నంత అరుదు కాదని అంకెల్లో చూపించాడు. హుకర్ కొత్త సిద్ధాంతమేమీ చెప్పలేదు. కుర్చీని ఆసుపత్రి గది నుంచి తోటలోకి మార్చింది, అంతే.

తర్వాతి కథ తొందరగా సాగింది. 1972లో డల్లాస్‌లో జరిగిన సైకియాట్రిస్టుల మహాసభలో ఒక డాక్టరు ముఖానికి రబ్బరు తొడుగు వేసుకుని, వదులు కోటు తొడుక్కుని, గొంతు మారే మైకులో మాట్లాడాడు. తానూ సైకియాట్రిస్టునే, తానూ స్వలింగ ప్రేమికుణ్ణే అన్నాడు. పేరు చెబితే ఉద్యోగం పోతుంది. ఆయన జాన్ ఫ్రయర్ అని లోకానికి తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. రోగాన్ని నిర్వచించేవాళ్ల వరసలోనే 'రోగి' కూర్చుని ఉన్నాడని ఆ సభకు అప్పుడు అర్థమైంది. మరుసటి ఏడాది డిసెంబరులో పాలకవర్గం నిర్ణయం వచ్చింది. దాన్ని వ్యతిరేకించిన సభ్యులు మొత్తం సంఘం ఓటు వేయాలని పట్టుబట్టారు. 1974లో 5,854 మంది నిర్ణయాన్ని సమర్థించారు, 3,810 మంది కాదన్నారు.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. రోగమా కాదా అన్నది చేతులెత్తి తేల్చే సంగతా? క్షయకు ఓటింగు పెడతామా? ఈ ప్రశ్న బలమైనదే, తోసేయకూడదు. అయితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఓటింగు అడిగింది మార్పు కోరినవాళ్లు కాదు, మార్పు వద్దన్నవాళ్లు. రెండోది, పట్టికలో చేర్చినప్పుడు ఓటింగు కూడా లేదు. కమిటీ గదిలో కొందరు కూర్చుని రాసుకున్నారు. చేర్చడానికి ఏ రుజువూ అడగనివాళ్లు తీసేయడానికి మాత్రం రుజువు అడగడం న్యాయం కాదు. క్షయకు క్రిమి ఉంది, దాన్ని సూక్ష్మదర్శిని కింద చూడవచ్చు. మానసిక రోగాల్లో చాలావాటికి అలాంటి క్రిమి లేదు. మనిషికి బాధ ఉందా, రోజువారీ బతుకు దెబ్బతిన్నదా అన్నవే కొలతలు. 1973 మార్పు ముసాయిదా రాసిన రాబర్ట్ స్పిట్జర్ ఈ కొలతనే పెట్టాడు. ఆ కొలత పెట్టగానే స్వలింగాకర్షణ దానంతటదే పట్టిక దాటింది, ఎందుకంటే ఆ ఆకర్షణ ఉన్నవాళ్లలో చాలామంది నిక్షేపంగా పనిచేసుకుంటున్నారు. రాష్ట్రాల సరిహద్దులూ కమిటీలే గీశాయి. అయినా జనం ఏ భాష మాట్లాడుతున్నారో వెళ్లి చూసి గీసిన గీతకూ, నిజాం బాకీ కింద గీసిన గీతకూ తేడా ఉంది.

రెండో అభ్యంతరం మరీ దగ్గరిది. ఎవరో ఉద్యమకారుడి సంగతి సరే, 'డాక్టరు గారూ, నన్ను మార్చండి' అని తనంతట తనే వచ్చి ఏడ్చేవాడి మాటేమిటి? సైకియాట్రీకీ ఈ సందేహం వచ్చింది. 1980 నాటి డీఎస్‌ఎం, తన ఆకర్షణను తానే అంగీకరించలేనివారి కోసం ప్రత్యేకంగా ఒక పేరు ఉంచింది. 1987లో దాన్నీ తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న ఆమోదించిన రోగాల పట్టిక ఐసీడీ-10, స్వలింగాకర్షణ దానికదే రోగం కాదంటూనే ఇలాంటి అరను ఒకటి మిగిల్చింది. మన దేశపు ఆసుపత్రులు వాడుతూ వచ్చింది ఈ ఐసీడీనే. ఆ అర తలుపు సందులోంచే మన దగ్గర 'మార్పు' వైద్యం ఏళ్ల తరబడి లోపలికి దూరింది. 1982, 1983ల్లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ప్రవర్తనా చికిత్సతో పురుషుల కోరికలు మార్చిన వైనం మామూలు వైద్య నివేదికల్లా అచ్చయింది. ఇలాంటి చికిత్స మీద 2001లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు వెళితే కమిషన్ దాన్ని చేపట్టలేదు. 377వ సెక్షన్ నీడ అప్పటికింకా పోలేదు. మార్చమని వచ్చినవాడు ఎందుకు వచ్చాడో చూడాలి. పెళ్లిచూపులు పెట్టారు, తమ్ముడి పెళ్లి ఆగిపోయింది, అమ్మ నూతిలో దూకుతానంటోంది. నల్లగా ఉన్నానని ఏడుస్తూ వచ్చిన అమ్మాయికి చర్మం ఒలిచే మందు రాయడం చికిత్స అనిపించుకోదు, ఆ ఏడుపుకు కారణం చర్మంలో లేదు కాబట్టి. పైగా మార్పు జరగదు. ఏళ్ల తర్వాత స్పిట్జరే కొందరు మారారని 2003లో ఒక వ్యాసం ప్రచురించాడు. తాను వాళ్లు చెప్పింది నమ్మడం తప్ప నిర్ధారించలేదని 2012లో ఒప్పుకుని, ఆ వైద్యంలో కాలం పోగొట్టుకున్నవాళ్లకు క్షమాపణ చెప్పాడు. ఈ శాస్త్రం చరిత్రలో నాకు అన్నిటికంటే గౌరవనీయంగా తోచే పేజీ అదే.

లింగ గుర్తింపు కథ దీని పక్కనే నడిచింది గానీ వేరే దారిలో. స్వలింగాకర్షణ పట్టికలోంచి ఇంకా పూర్తిగా పోని 1980లోనే 'ట్రాన్స్‌సెక్సువలిజం' కొత్తగా చేరింది. 1994లో అది లింగ గుర్తింపు రుగ్మత అయింది. 2013లో డీఎస్‌ఎం-5 ఆ మాటను తీసేసి జెండర్ డిస్ఫోరియా అంది. అంటే మనిషి తానెవరో అనుకోవడం రుగ్మత కాదు, ఒంటికీ గుర్తింపుకీ పొసగక పడే వేదనే వైద్యుడు చూడాల్సిన సంగతి. 2019లో ఆమోదం పొంది 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 ఇంకా ముందుకెళ్లి ఈ విషయాన్ని మానసిక రోగాల అధ్యాయంలోంచే తీసి లైంగిక ఆరోగ్యం అధ్యాయంలో పెట్టింది. స్వలింగాకర్షణకు మిగిల్చిన అరనూ ఆ కూర్పే మూసేసింది. రోగం కానప్పుడు వైద్య పుస్తకంలో ఎందుకుండాలి, ఆపరేషన్లు ఎందుకు చేయాలి అని అడిగేవాళ్లున్నారు. కాన్పు రోగం కాదు. అయినా దానికి వైద్య పుస్తకంలో అధ్యాయం ఉంది, ఆసుపత్రిలో వార్డు ఉంది. సాయం అవసరమైన ప్రతి స్థితీ జబ్బు కానక్కర్లేదు. ఈ సాయం అందక, పొదల చాటున కత్తి పట్టినవాడి చేతిలో ప్రాణం మీదికి తెచ్చుకున్న హిజ్రాల గురించి మన ఊళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు.

మన చట్టం ఈ మార్పును ఆలస్యంగా అందుకుంది, అందుకోవడంలోనూ తడబడింది. 2009లో ఢిల్లీ హైకోర్టు 377ను సడలించింది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ కేసులో కణేకల్ వైపు జనం పిచ్చాసుపత్రి అనగానే తలుచుకునే బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన శేఖర్ శేషాద్రి, మరికొందరు మానసిక వైద్య నిపుణులు కోర్టు మెట్లెక్కి, నేరమన్న ముద్రే తమ దగ్గరికి వచ్చేవారి మనోవేదనకు కారణమని వాదించారు. ఒకప్పుడు కోర్టుకు ఒంటిమీద గుర్తులు చూపించడానికి వెళ్లిన డాక్టరు ఇప్పుడు కోర్టుకు మనసు మీద గాయాలు చూపించడానికి వెళ్లాడు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన నల్సా తీర్పు, తన లింగమేదో చెప్పుకునే హక్కు మనిషిదేనంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సంఘం నీతికో కట్టుబాటుకో సరిపడకపోవడాన్ని బట్టి ఎవరినీ మానసిక రోగి అనరాదంది. 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు ఇష్టపూర్వక సంబంధాలను నేరం పరిధి నుంచి తప్పించింది. 2021లో మద్రాసు హైకోర్టు జడ్జి ఆనంద్ వెంకటేశ్ ఇద్దరు యువతుల కేసు విచారిస్తూ, ఈ విషయం తనకే సరిగా తెలియదని ఒప్పుకుని, తాను స్వయంగా సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకుని తీర్పు రాశారు. ఆ కేసు కదిలించిన కదలికతోనే 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ కన్వర్షన్ థెరపీని, అంటే ఆ 'మార్పు' వైద్యాన్ని, వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు నూట నాలుగేళ్ల నిజాం నాటి రిజిస్టరు చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఇంతా అయ్యాక 2024 ఆగస్టు ఆఖరులో అదే మెడికల్ కమిషన్ విడుదల చేసిన ఫోరెన్సిక్ పాఠ్యప్రణాళికలో స్వలింగ సంపర్కం లైంగిక నేరాల వరసలో మళ్లీ ప్రత్యక్షమైంది. విమర్శ చెలరేగితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. పాత పుస్తకం పేజీ చించినా అచ్చు కింది కాగితం మీద పడి ఉంటుంది.

చివరి అభ్యంతరం మన దగ్గర అన్నిటికంటే గట్టిగా వినిపిస్తుంది: ఇదంతా పడమటి సరుకు. సరుకు పడమటిదే, కానీ ఏది? 377 పడమటిది. పట్టికలో 302.0 అన్న అంకె పడమటిది. రిజిస్టరు పడమటిది. జోగప్ప చేతిలోని చౌడికె పడమటిది కాదు. విరాటపర్వంలో ఉత్తరకు ఆట నేర్పిన బృహన్నల పడమటిది కాదు. అలాగని మన పాతకాలమంతా ఔదార్యమే అనడం కూడా అబద్ధమే. చరక సుశ్రుత సంహితలు ఇలాంటి మనుషులను రకరకాల నపుంసకులుగా, షండులుగా వర్గీకరించి, తల్లిదండ్రుల బీజదోషంలోనో సంయోగ విధానంలోనో కారణం వెతికాయి. అదీ 'ఎందుకయ్యారు' అన్న ప్రశ్నే, ఐరోపా డాక్టర్లు అడిగినదే. ఈ దేశంలో ఆ ప్రశ్నను పక్కనబెట్టి మనుషులను అడిగి తెలుసుకుని రాసినవాళ్లలో ముందు నిలిచింది డాక్టరు కాదు, లెక్కల మేధావి శకుంతలాదేవి. 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీద పోటీ చేసిన ఆమె, అంతకు మూడేళ్ల ముందే స్వలింగ ప్రేమికుల గురించి పుస్తకం రాసి, వాళ్లకు కావలసింది జాలి కాదు, నిండైన అంగీకారమని వాదించింది. అప్పటికి మన వైద్య పత్రికలు ఇంకా మార్పు వైద్యం గురించే రాస్తున్నాయి.

కాబట్టి మానసిక వైద్యం చరిత్రను జయగాథగా చదవడం కన్నా హెచ్చరికగా చదవడం మేలు. చదువుకున్నవాళ్లు, మంచివాళ్లు, రోగి మేలు కోరినవాళ్లే దాదాపు నూరేళ్లపాటు లేని రోగానికి ఉన్న మందులన్నీ వాడారు. వాళ్లకు లోపించింది దయ కాదు, చూపు. ఊరికి లోపించిందీ అదే. అమ్మ పట్టిందనే పేరు పెట్టి ఊరు, రోగమనే పేరు పెట్టి ఆసుపత్రి, నేరమనే పేరు పెట్టి ఠాణా, మూడూ ఆ మనిషిని ఇంట్లోంచి బయటికే తీసుకెళ్లాయి. ఇంట్లో ఉంచుకునే దారి ఆ మూడింటిలో ఏదీ చెప్పలేదు. నేడు కణేకల్‌లోనో రాయదుర్గంలోనో ఒక తల్లికి బిడ్డ గురించి ఈ దిగులు పుడితే ఆమె ముందు ఇంకో మూడు దారులు తెరుచుకుని ఉంటాయి: దర్గా తాయెత్తు, హడావిడి పెళ్లి, పట్నంలో మారుస్తామని బోర్డు పెట్టుకున్న గది. ఆమెకు చెప్పాల్సింది చిన్న మాట. బిడ్డకు నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే, చచ్చిపోతానంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమ్మా. ఆ నిద్రలేమికీ ఆ దిగులుకూ మందుంది, మాటసాయముంది. బిడ్డ ఎవరన్నదానికి మాత్రం మందు అడగొద్దు. అది జబ్బు కాదని జబ్బుల పట్టిక రాసేవాళ్లే చెప్పారు.